ఐదు రూపాయల పళ్లేనికీ ఐదొందల పళ్లేనికీ మధ్య

మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,



మన ఊరు చూసి వెళ్లేవాళ్లను ఏమేం చూశారని అందరూ అడుగుతారు. ఏం తిన్నారు, ఎంతకు తిన్నారు, కడుపు నిండిందా అని అడిగేవాళ్లు తక్కువ. పర్యాటకం మీద జరిగే సభల్లో హోటల్ గదుల లెక్క వినిపిస్తుంది, పెట్టుబడుల మాట వినిపిస్తుంది. నలుగురున్న ఒక మామూలు కుటుంబం ఈ తీరంలో మూడు పూటలా మంచి తిండి ఎంతలో తినగలదన్న ప్రశ్న మాత్రం వినిపించదు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినదాన్ని. ఆ ప్రశ్న మీ ముందు పెట్టాలనే ఈ ఉత్తరం.

దసరా నుంచి సంక్రాంతి దాకా మన స్టేషన్లో దిగేవాళ్లను ఒకసారి గమనించండి. హౌరా లైనులో వచ్చే బెంగాలీలు, కొర్బా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే ఛత్తీస్‌గఢ్ వాళ్లు, రాయగడ, కోరాపుట్ వైపు నుంచి వచ్చే ఒడియా కుటుంబాలు. బస్సుల్లో దిగే శ్రీకాకుళం, విజయనగరం జనం సరేసరి. ఆర్కే బీచ్, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, సింహాచలం చూసుకుని, వీలుంటే అరకు, బొర్రా గుహలు కూడా చుట్టి వెళ్తారు. వీళ్లలో ఎక్కువమంది చిన్న జీతాల మీద, చిన్న దుకాణాల మీద బతికేవాళ్లు. పిల్లలకు సముద్రం చూపించాలని ఏడాదంతా కూడబెట్టుకుని వస్తారు. రైలు ఛార్జీ వాళ్లకు ముందే తెలుసు. గది అద్దె ముందే మాట్లాడుకుంటారు. ఎంతవుతుందో తెలియనిది తిండి ఖర్చొక్కటే. అందుకే రెండో రోజుకల్లా బ్రెడ్డు, బిస్కెట్ల మీద పడతారు. ఇంత రుచులున్న ఊరికి వచ్చి బిస్కెట్ పొట్లంతో పూట గడుపుకుని వెళ్లారంటే ఆతిథ్యంలో మనం ఎక్కడో తక్కువ చేసినట్టే.

యాత్రికులు కాని మరో జనం కూడా ఉన్నారు. 1923 నుంచి ఉత్తరాంధ్రకంతటికీ పెద్ద దిక్కుగా ఉన్న ఆసుపత్రి, కేజీహెచ్‌కు రోగిని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. వారాల తరబడి వార్డు బయటే ఉంటారు. వాళ్లు బీచ్ చూడటానికి రాలేదు, కానీ పూట పూటకూ వాళ్లు వేసుకునే లెక్క ఇదే. ఆంధ్రా యూనివర్సిటీ చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉండే పిల్లల లెక్కా ఇదే. యాత్రికుడికి చవగ్గా, శుభ్రంగా అన్నం పెట్టగలిగిన ఊరు వీళ్లందరికీ పెట్టగలుగుతుంది.

మన ఊళ్లో ఒక కొసన అన్న క్యాంటీన్ ఉంది. 2018లో మొదలై, మధ్యలో మూతబడి, 2024లో మళ్లీ తెరుచుకుంది. పూటకు ఐదు రూపాయలు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి అన్నం, కూర, పప్పో సాంబారో, పెరుగు. అది మంచి పని, మనసారా మెచ్చుకుంటాను. కానీ అది కూలి పనికి వెళ్లే మనిషి కోసం పెట్టిన పళ్లెం. రైలు టికెట్టు కొనుక్కుని, గది తీసుకుని వచ్చిన కుటుంబం ఆ వరసలో నిలబడి ఆయన ముద్ద తీసుకోకూడదని నా అభిప్రాయం. రెండో కొసన బీచ్ రోడ్డు ఏసీ హోటళ్లున్నాయి. అక్కడ పళ్లేనికి ఐదొందలైనా అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఉన్నవాళ్లు తింటారు, తప్పు లేదు.

ఈ రెండు పళ్లేల మధ్యే విశాఖ అసలు తిండి ఉంది. దాన్ని వండేవాళ్లకు గోడల్లేవు, బోర్డుల్లేవు, చాలామందికి రేపు ఇదే చోట ఉంటామన్న భరోసా కూడా లేదు. ఆ నడిమి పళ్లేన్ని కాపాడమని అడగడానికే రాస్తున్నాను.

ముందు ఆ పళ్లెంలో ఏముందో చెప్పనివ్వండి.

తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకు వదిలే గంటల్లో అంబలి బళ్లు వస్తాయి. చోడిపిండి అంబలి, అందులో చిలికిన మజ్జిగ, కొరుక్కోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. బయటివాళ్లు రాగులంటారు, మాకు చోళ్లు. ఒక గ్లాసు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి జోలికి రాదు. వేడి ఊళ్లో తిరగబోయే మనిషికి అంతకన్నా మంచి ఆహారం ఏ హోటలూ పెట్టలేదు, అంత తక్కువకు అసలే పెట్టలేదు. ఈ అంబలిని మన పర్యాటక ప్రచారాల్లో పెద్దగా చూపించకపోవడం నాకెప్పుడూ అర్థం కాలేదు.

కాస్త పొద్దెక్కాక కాలనీల మొదట్లో, ఆసుపత్రుల గేట్ల దగ్గర, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టూ టిఫిన్ బళ్లు. ఇడ్లీ, పూరీ, మినపట్టు, ఉల్లి పెసరట్టు. ఇడ్లీకి పల్లీ చట్నీ, అల్లం చట్నీ, పైన కారప్పొడి. పూరీకి శెనగపిండితో చేసిన బొంబాయి చట్నీ. బండి దగ్గర నిలబడి తినేవాళ్లకు అడగకుండానే రెండోసారి చట్నీ పడుతుంది. “ఏటమ్మా, రెండిడ్లీలకే సరిపోనాదా?” అని బండి ఆవిడ పలకరిస్తే ఆ మాట అర్థం కాని బెంగాలీ అమ్మాయి కూడా నవ్వుతుంది. పెద్ద హోటల్లో ఒక దోసెకయ్యే డబ్బుతో ఇక్కడ కుటుంబమంతా టిఫిన్ చేసి టీ కూడా తాగొచ్చు.

కొన్ని బళ్ల మీద ఇప్పటికీ అడ్డాకు విస్తళ్లు కనిపిస్తాయి. మన ఏజెన్సీ కొండల్లో గిరిజన కుటుంబాలు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టే ఆకులవి. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థకు ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. బండివాడికి ప్లాస్టిక్ పూత వేసిన కాగితం ప్లేటు కన్నా అడ్డాకు విస్తరి చవగ్గా, కట్టలుగా ఇక్కడే దొరికే ఏర్పాటు మీరు, ఆ సంస్థ కలిసి కూర్చుంటే చేయగలరు. తీరంలో ప్లాస్టిక్ తగ్గుతుంది, కొండ మీద కుటుంబానికి నాలుగు డబ్బులొస్తాయి.

మధ్యాహ్నం మెస్సులు. పప్పు, వేపుడు, పులుసు, చారు, పెరుగు, అన్నం అడిగినంత. మా ఉత్తరాంధ్ర పులుసులో బెల్లం ముక్క పడాల్సిందే, అనకాపల్లి బెల్లం పక్కనే ఉండగా ఎందుకు పడదు? ఆవ పెట్టిన పనసపొట్టు కూర, నువ్వుపొడి, గుమ్మడికాయ పులుసు వండే మెస్సులు సందుల్లో ఉన్నాయి. బీచ్ నుంచి పది నిమిషాలు లోపలికి నడిస్తే దొరుకుతాయి, కానీ ఆ సంగతి యాత్రికుడికి చెప్పేవాళ్లేరి? ఈ ఊరివాళ్లందరికీ తెలిసినదీ, బయటివాళ్లకు తెలియనిదీ ఇంకొకటి ఉంది. పార్శిల్ భోజనం. కూర్చుని తినే భోజనానికి ఇద్దరికీ ఇద్దరి డబ్బు కట్టాలి. అదే పార్శిల్ కట్టించుకుంటే ఒకటి ఇద్దరికి సరిపోతుంది, చిన్నపిల్లలుంటే ముగ్గురికి. కర్రీ పాయింట్లో కూరలు మాత్రం కొనుక్కుని, గదిలో అన్నం వండుకునే వీలుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. రోగుల బంధువులకు ఈ కిటుకులన్నీ మూడో రోజుకే తెలిసిపోతాయి, పాపం వాళ్లకు తప్పదు. రెండు రోజుల కోసం వచ్చినవాళ్లు తెలుసుకునేలోపే రైలెక్కేస్తారు.

ఇక చేప. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే యాత్రికుడి డబ్బు ఎక్కువగా కరిగేది ఇక్కడే.

సముద్రపు ఊరికి వచ్చి చేప తినకుండా ఎవరూ వెళ్లరు. అయితే వాళ్లకు తెలిసిన పేర్లు వంజరం, చందువా. అందరూ అవే అడుగుతారు కాబట్టి వాటి ధర ఎప్పుడూ పైనే. జాలరి ఇంట్లో రోజూ ఉడికే చేపలు అవి కావు. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు, గులివిందలు. పట్టినవాళ్లు తినే చేప అది, కొనేవాళ్లకూ అందే చేప అది. కవళ్లలో, కానాగంతల్లో ఒంటికి మంచి చేసే నూనె ఉంటుంది. నెత్తళ్లు ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి ఎముకలకు బలం. మామిడికాయ వేసిన నెత్తళ్ల పులుసు, చింతపండు పులుసులో వండి మర్నాటికి ఉంచిన కవళ్లు తిన్న మనిషి మళ్లీ వంజరం అడగడు. కానీ ఒడ్డున వేపుడు బళ్ల మీద ఇవి తక్కువ. పెద్ద చేప ముక్కలే ఎర్రగా పేర్చి ఉంటాయి. చాలా చోట్ల ధర రాసి ఉండదు. చేపను చూపిస్తారు, నూనెలో వేస్తారు, పళ్లెం చేతికొచ్చాక ధర చెబుతారు. అప్పుడిక వాదించడానికి యాత్రికులకు భాష రాదు.

వేసవి సంగతి వేరు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. ఇంజన్ లేని సంప్రదాయ తెప్పలకు మాత్రమే మినహాయింపు. సరిగ్గా అప్పుడే పిల్లల వేసవి సెలవులు, సరిగ్గా అప్పుడే యాత్రికుల రద్దీ. పడవలు రేవులో కట్టేసి ఉన్న రోజుల్లో కూడా తాజా సముద్రపు చేపే కావాలని పట్టుబడితే ఎక్కువ డబ్బిచ్చి ఐసులో నిలవున్న చేప తినాల్సి వస్తుంది. ఆ రెండు నెలలు చెరువు చేప తినమని, ఎండు నెత్తళ్లతో వండిన వంకాయ కూర తినమని ఊరే చెప్పాలి. ఎండుచేప పేదవాడి కూరని మనవాళ్లే చిన్నచూపు చూస్తారు. అది మన జాలరి ఆడవాళ్ల చేతి పనితనం. ఉప్పు ఎంత పట్టాలో, ఎండ ఎన్ని రోజులు తగలాలో వాళ్లకే తెలుసు.

ఇక్కడ నాదొక కోరిక. చేపల రేవు దగ్గరా, పెద్ద జాలరిపేట దగ్గరా జాలరి మహిళల పొదుపు సంఘాలకు పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ద్వారా వంట కౌంటర్లు ఇప్పించండి. కొన్న చేపను అక్కడే కడిగి, కోసి, వేపి లేదా పులుసు పెట్టి ఇచ్చే కౌంటర్లు. కోతకు ఇంత, వేపుడుకు ఇంత, పులుసుకు ఇంత అని బోర్డు మీద ఉండాలి. చేప ఏదైనా వండే ఖర్చు ఒకటే అయినప్పుడు వచ్చినవాళ్లు ధైర్యంగా కవళ్లు కొంటారు. ఇప్పుడు ఎర్రటి ఎండలో గంప ముందు పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చునే ఆడవాళ్లకు నీడ, చేప కోసుకునే బల్ల, కడగడానికి మంచినీటి కుళాయి ఉంటే చేప కూడా పాడవకుండా ఉంటుంది.

సాయంత్రం బీచ్ గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. మురీ మిక్స్చర్, మిరపకాయ బజ్జీ, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న, ఉడకబెట్టిన వేరుశెనగ, కాలాన్ని బట్టి తాటిముంజలు, తేగలు, ఏజెన్సీ నుంచి దిగే సీతాఫలాలు, అనాస ముక్కలు. బజ్జీల దగ్గర నాకున్న భయం ఒక్కటే, మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించడం. 2018 జూలై నుంచి దేశమంతటా ఒక నిబంధన అమల్లో ఉంది: వాడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని ఇక వంటకు వాడకూడదు. చిన్న పరికరంతో అక్కడికక్కడే చూడొచ్చు. జరిమానాతోనే మొదలుపెట్టకండి. పాత నూనెను డబ్బులిచ్చి కొని బయోడీజిల్‌కు పంపే పద్ధతి ఆహార భద్రతా సంస్థ పథకంలోనే ఉంది. అది బీచ్ రోడ్డు బళ్ల దాకా రావాలి. పాత నూనెకు ధర వస్తుందంటే ఏ బండివాడూ దాన్ని మూకుడులో దాచుకోడు.

తిండి లెక్కలో ఎవరూ గమనించనిది ఇంకొకటుంది, నీళ్లు. మన ఉక్కపోతలో నలుగురున్న కుటుంబం రోజుకు లీటరు సీసాలు ఎనిమిదైనా కొంటుంది. సీసా ఇరవై రూపాయలనుకున్నా నూట అరవై. పొద్దున టిఫిన్ ఖర్చుకు అది దాదాపు సమానం. ముద్రించిన ధర కన్నా దుకాణంలో ఎక్కువ తీసుకోవడం తూనికలు కొలతల చట్టం ప్రకారం నేరమే అయినా సందర్శన స్థలాల దగ్గర చల్లదనం పేరు చెప్పి ఇంకో ఐదు అడగడం మామూలైంది. కురుసుర ఎదుట, కైలాసగిరి మీద, రుషికొండ దగ్గర, ఆర్టీసీ కాంప్లెక్స్ బయట, ఇంకా జనం కూడే ప్రతి చోటా శుద్ధి చేసిన చల్లటి నీటి కుళాయిలు ఉండాలి, అవి నీళ్లివ్వాలి. యాత్రికుడి తిండి ఖర్చు తగ్గించడానికి మీ చేతిలో ఉన్న అన్నిటికన్నా తేలిక మార్గం ఇదే. ఆ కుళాయే బండివాడికీ పనికొస్తుంది. చెయ్యి కడుక్కోవడానికి, ప్లేట్లు కడగడానికి నీళ్లు లేని చోట శుభ్రత గురించి ఎన్ని పాఠాలు చెప్పినా లాభం లేదు.

ఇక చోటు సంగతి. అన్నిటికన్నా ముఖ్యమైనదీ, మీ చేతిలో నేరుగా ఉన్నదీ అదే.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. ఐదేళ్లకోసారి సర్వే చెయ్యాలంటుంది. సర్వే ముగిసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదంటుంది. చోటు మార్చాల్సి వస్తే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలంటుంది. నగర జనాభాలో రెండున్నర శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు చూపాలంటుంది. 2011 లెక్కల్లోనే పదిహేడు లక్షలు దాటిన ఊరు మనది. ఆ లెక్కన నలభై రెండు వేలకు పైగా మనుషులకు చట్టం చోటిస్తోంది. ఆ చట్టం కింద ఏర్పడే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న వ్యాపారులు ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి.

కాలిబాట నడిచేవాళ్లదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. చక్రాల కుర్చీలో వచ్చే మనిషి బండికి అడ్డం తగిలి రోడ్డు మీదకు దిగాల్సి రావడం అన్యాయం. అందుకే గీత గీసి చోటు చూపించమంటున్నాను. చూపించే చోటు జనం నడిచే దారిలోనే ఉండాలి. బీచ్‌కు ఎక్కడో దూరంగా ఖాళీ స్థలం ఇచ్చి అక్కడ అమ్ముకోమంటే అది చోటివ్వడం కాదు. ఆకలేసినవాడు బండిని వెతుక్కుంటూ ఆటో ఎక్కి రాడు. అలా తరలించిన నెలలోనే సగం బళ్లు మూతబడతాయి, ఆ తరువాత బీచ్ ఎదుట మిగిలేది ఐదొందల పళ్లెమే.

ప్రధానమంత్రి స్వనిధి కింద 2020 నుంచి బండివాళ్లకు పూచీ లేకుండా అప్పు దొరుకుతోంది. మొదట పదివేలు ఇచ్చేవాళ్లు, 2025లో దాన్ని పదిహేను వేలకు పెంచారు. అప్పు తీసుకుని కొత్త స్టవ్ కొన్న ఆవిడకు రేపు చోటుంటుందో లేదో తెలియకపోతే ఆ వాయిదాలు ఎలా కడుతుంది? చోటు ఖాయమైతే ఆవిడే గొడుగు కొంటుంది, స్టీలు బల్ల వేయిస్తుంది, అదే ఇడ్లీని అదే ధరకు పదేళ్లు పెడుతుంది. చోటు మీద భయం ఉన్నంతకాలం ఆ భయం ఖరీదు కూడా ప్లేటు ధరలోనే కలుస్తుంది.

ధరల బోర్డు అందరికీ తప్పనిసరి చెయ్యండి, బండికైనా, హోటల్‌కైనా. తెలుగుతో పాటు హిందీ, ఒడియా, బెంగాలీ అక్షరాల్లో ఉండాలి. చేపకు ముక్క లెక్కన, మిక్స్చర్‌కు పొట్లం లెక్కన, భోజనానికి కూర్చుంటే ఇంత, పార్శిల్‌కు ఇంత అని ఉండాలి. ఆ బోర్డులు రాయించే ఖర్చు నగరపాలక సంస్థ భరించినా పెద్ద భారం కాదు. స్టేషన్ బయట, కాంప్లెక్స్ లోపల, కేజీహెచ్ గేటు దగ్గర ఊరి పటం ఒకటి పెట్టించండి. అందులో సందుల్లోని మెస్సులు, టిఫిన్ బళ్లుండే కూడళ్లు, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార రైతు బజార్లు, మంచినీటి కుళాయిలు గుర్తించి ఉండాలి. రైతు బజార్లో కిలో అరటిపళ్లు, జామకాయలు కొనుక్కున్న కుటుంబం ఆ రోజు బిస్కెట్ పొట్లాల జోలికి పోదు.

ఇవన్నీ ఒక్కసారిగా కావని తెలుసు. ఆర్కే బీచ్ నుంచి కురుసుర దాకా ఉన్న ఒక్క భాగాన్ని తీసుకోండి. వచ్చే దసరాలోపు అక్కడ గీతలు, కుళాయిలు, బోర్డులు, నూనె సేకరణ, నాలుగూ కలిపి అమలు చేసి చూడండి. అంతకన్నా ముందు టౌన్ వెండింగ్ కమిటీని పిలవండి. ఆ సమావేశానికి బళ్ల సంఘాల నాయకులతో పాటు గంపల్లో చేపలమ్మే ఆడవాళ్లనూ, అంబలి కాచేవాళ్లనూ రమ్మనండి. వాళ్లకు పొద్దున వేళ కుదరదు, మధ్యాహ్నం రెండు గంటల తరువాత పెడితే వస్తారు.

ఇట్లు,
విశాఖ నగర వాసి